ఊరు మారే ముందు

బతుకుతెరువు కోసం ఊరు మారడం మనిషికి కొత్త కాదు. వానలు తప్పినప్పుడు రైతుకూలీ పట్నం దారి పట్టాడు. మగ్గం ఆగినప్పుడు నేతగాడు మరో ఊరు వెతుక్కున్నాడు. ఉద్యోగి బదిలీ అయిన చోటికి సంసారాన్ని తరలించాడు. అయితే ఊరు మారడం అంటే సామాను బండికి ఎత్తడం మాత్రమే కాదు. పిల్లల బడి, ముసలివారి వైద్యం, తాగే నీరు, నలుగురిలో మాట్లాడే భాష, కష్టసుఖాలలో ఆదుకొనే ఇరుగుపొరుగు అన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. కాబట్టి అటువంటి నిర్ణయం తీసుకొనే ముందు ఏమేమి ఆలోచించాలో తెలిసి ఉండాలి. కోలారు బంగారు గనుల చరిత్ర ఈ విషయంలో ఎన్నో సంగతులు నేర్పుతుంది.

గని కోసం వచ్చినవారు

కర్ణాటక రాష్ట్రంలోని కోలారు జిల్లాలో బంగారం ఉన్న సంగతి ఆ ప్రాంతపు పల్లెవాసులకు పూర్వం నుంచీ తెలుసు. 1802లో ఆంగ్ల సైన్యంలో అధికారిగా ఉన్న జాన్ వారెన్ మైసూరు రాజ్యంలో భూముల కొలత పని మీద ఇటు వచ్చినప్పుడు ఆ మాట విన్నాడు. పల్లెవాసులు మట్టిని నీటిలో కడిగి, అందులోని బంగారు రేణువులను అతనికి తీసి చూపారు. 1875లో మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడు గనులు తవ్వడానికి మైసూరు ప్రభుత్వం నుంచి అనుమతి పొందాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్లేయుల కంపెనీ ఆ పనిని చేపట్టింది. తరువాత గనులు బాగా సాగాయి.

గనులకు వేలకొద్దీ మనుషులు కావలసి వచ్చింది. చుట్టుపక్కల వానాధారపు పల్లెల నుంచి జనం పొట్ట చేత పట్టుకొని వచ్చారు. ఎక్కువ మంది తమిళులు. తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు కూడా వచ్చారు. వచ్చినవారిలో చాలామంది ఆనాటి ఉత్తర ఆర్కాడు జిల్లావారు. నేటి చిత్తూరు ప్రాంతం అప్పట్లో చాలావరకు ఆ జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. అంటే నేడు రాష్ట్రపు ఎల్లకు అటూ ఇటూ ఉన్న తెలుగు కుటుంబాల మధ్య బంధుత్వాలు ఆ ఎల్ల కంటే పాతవి.

ఆ రోజుల్లో కూలీలు వెదురు తట్టీలతో కట్టిన ఇళ్లలో ఉండేవారు. తరువాత వరుసగా కట్టిన లైను ఇళ్లు వచ్చాయి. 1894లో మారికుప్పం వరకు రైలు మార్గం పడింది. బేతమంగళం చెరువు నుంచి నీరు వచ్చింది. 1902లో కావేరీ నది మీది శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల దూరం తీగల మీద విద్యుత్తు వచ్చింది. బెంగుళూరు నగరానికి విద్యుద్దీపాలు వచ్చింది ఆ తరువాతనే, 1905లో.

ఈ సౌకర్యాలకు కార్మికులు పెద్ద మూల్యమే చెల్లించారు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అంత లోతున రాయి ఒంటికి తగిలితే కాలేంత వేడిగా ఉంటుంది. పైనున్న కొండ బరువుకు రాళ్లు ఒక్కసారిగా పగిలి మీద పడి ఎందరో మరణించారు. రాతిధూళి పీల్చినవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. అయినా నెల తిరిగేసరికి జీతం చేతికి వస్తుందన్న ధైర్యం వారిని అక్కడే నిలిపింది. తాత పనిచేసిన గనిలోనే కొడుకు, కొడుకు పనిచేసిన గనిలోనే మనుమడు పనికి దిగారు.

ఒంటినిట్టాడు ఇల్లు

1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకుంది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. లోతు పెరిగిన కొద్దీ తవ్వకపు ఖర్చు పెరిగింది. టన్ను రాతిలో దొరికే బంగారం మాత్రం తగ్గుతూ వచ్చింది. 120 సంవత్సరాలలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చిన ఆ గనులు చివరకు నష్టాల పాలయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న వాటిని మూసివేశారు.

ఫ్యాక్టరీ మూతపడితే కార్మికునికి పని పోతుంది. కోలారు గనులలో పోయింది పని ఒక్కటే కాదు. ఇల్లు కంపెనీది. ఇంటికి వచ్చే నీరు, దీపం కంపెనీవి. జబ్బు చేస్తే వెళ్లే ఆసుపత్రి కంపెనీది. బజారులో అప్పు ఇచ్చే దుకాణదారు కూడా కంపెనీ జీతాన్ని నమ్మే ఇచ్చేవాడు. ఒక్క గని మూతపడేసరికి ఇవన్నీ ప్రశ్నార్థకమయ్యాయి.

తెలుగు పల్లెల్లో ఒంటినిట్టాడు ఇల్లు అనే మాట ఉంది. కప్పు బరువునంతటినీ నడిమి గుంజ ఒక్కటే మోసే ఇల్లు అది. గుంజ గట్టిగా ఉన్నంత కాలం ఇల్లు చక్కగా ఉంటుంది. గుంజ విరిగితే కప్పంతా కూలుతుంది. ఒకే ఆధారం మీద నిలిచిన ఊరు కూడా అటువంటిదే. ఆఫ్రికా ఖండంలోని నమీబియా దేశంలో 1908లో వజ్రాలు దొరకడంతో కోల్మన్‌స్కోప్ అనే పట్టణం వెలసింది. వజ్రాలు తరగిపోయాక జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 1956 నాటికి అది పాడుపడిపోయింది. నేడు ఆ ఇళ్లలో ఎడారి ఇసుక మేట వేసి ఉంది.

కోలారు బంగారు గనుల పట్టణానికి ఆ గతి పట్టలేదు. దానికి కారణాలు ఉన్నాయి. 1964లో ఏర్పడిన బీఈఎంఎల్ సంస్థ కర్మాగారం అక్కడ ఉంది. రాబర్ట్‌సన్‌పేట బజారు ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, బంగారుపేట మీదుగా బెంగుళూరు వెళ్లే రైలు ఉంది. గని ఆగిన తరువాత వేలాది మంది తెల్లవారకముందే లేచి రైలెక్కి, బెంగుళూరులో పని చేసుకొని, రాత్రికి ఇల్లు చేరడం అలవాటు చేసుకున్నారు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా ఆ పట్టణంలో లక్షన్నరకు పైగా జనం ఉన్నారు.

ఒక ఇంటి ఆలోచన

గని మూసిన ఆ సంవత్సరం ఎన్నో ఇళ్లలో ఒకే ప్రశ్న తలెత్తింది. ఇక్కడే ఉండాలా? పోవాలా? పోతే ఎక్కడికి? అటువంటి ఒక ఇంటిని ఊహించి చూస్తే ఆ ప్రశ్న ఎంత బరువైనదో తెలుస్తుంది.

ఆ ఇంట్లో ఐదుగురు. తాత ముప్పై ఏళ్లు గనిలో పనిచేసి విరమించినవాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. తండ్రికి నిన్నటి వరకు గనిలో పని. తల్లి ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది. కూతురు పదవ తరగతి. ఒక నెలలో పరీక్షలు. కొడుకు నాలుగవ తరగతి. మేనమామ ముళబాగిలులో టమాట మండీలో పని చేస్తాడు. ఆయన వచ్చి, "బావా, మా ఊరికి వచ్చేయండి. చిన్న ఊరైనా చేతికి పని దొరుకుతుంది" అన్నాడు.

తండ్రి మొదట బెంగుళూరు గురించి ఆలోచించాడు. కూలి ఎక్కువే. కాని బాడుగకు, బియ్యానికి, బస్సుకు పోగా మిగిలేది ఎంత? లెక్క వేసి చూస్తే, చిన్న ఊళ్లో తక్కువ కూలికి మిగిలే దానికీ దానికీ పెద్ద తేడా కనిపించలేదు. ఇక ఉన్నచోటనే ఉండి రోజూ రైలులో వెళ్లి రావడం మరొక దారి. ఇల్లు కదలనక్కరలేదు. కాని రానుపోను కలిపి రోజుకు నాలుగైదు గంటలు రైలులోనే గడుస్తాయి. పిల్లలు మేలుకొని ఉండగా తండ్రి ముఖం చూడలేరు.

"అయితే ముళబాగిలుకే పోదాం" అన్నాడు తండ్రి.

"ఆ ఊరిని మీరు ఎప్పుడు చూశారు?" అని అడిగింది తల్లి.

"మొన్న కార్తీకంలో మీ అన్న ఇంటికి పోయినప్పుడు చూడలేదా?"

"వానలు పడినాక ఏ ఊరైనా బాగుంటుంది. మే నెలలో చూడాలి. బోరులో నీళ్లు ఉంటాయో, బిందెలు పెట్టుకొని వరుసలో నిలబడాలో అప్పుడు తెలుస్తుంది."

ఆమె మాటలో అనుభవం ఉంది. కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. జనం చెరువులను, బావులను, బోరులను నమ్ముకొని బతుకుతారు. వానలు తగ్గిన ఏడు బోర్లు ఎండుతాయి. జిల్లాలో కొన్ని చోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీరు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పడుతుంది, ఎముకలు పాడవుతాయి. కాబట్టి కొత్త ఊరికి పోయేవారు నీరు ఎంత ఉంది అన్నదే కాక, ఎటువంటిది అన్నది కూడా విచారించాలి.

కూతురు మెల్లగా అడిగింది. "నాయనా, నా పరీక్షల మాటేమి? ఇప్పుడు బడి మారితే ఏడాది పోతుంది. తమ్ముడికి ఆ ఊళ్లో తెలుగు బడి ఉందా?"

తండ్రి జవాబు చెప్పలేకపోయాడు. ఆ సంగతి అతనికి తట్టలేదు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని భారత రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం చెబుతుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన సమయంలో దీనిని చేర్చారు. అయినా ప్రతి వీధిలోనూ తెలుగు బడి ఉండదు. ఏ బడిలో ఏ తరగతి వరకు తెలుగు మాధ్యమం ఉంది, ఉపాధ్యాయులు ఉన్నారా లేదా అన్నది పోయి చూసి తెలుసుకోవాలి.

అప్పుడు మేనమామ మరొక దారి చెప్పాడు. "అయితే ఎల్ల దాటి పలమనేరుకో కుప్పానికో పోతే సరి. అక్కడ అన్నీ తెలుగు బడులే కదా!"

ఆ మాటలో నిజం ఉంది. కాని రాష్ట్రం మారితే మరికొన్ని చిక్కులు ఉన్నాయి. అప్పట్లో రేషన్ కార్డు రద్దు చేసుకొని కొత్తచోట మళ్లీ దరఖాస్తు పెట్టవలసి వచ్చేది. వెనుకబడిన కులాల జాబితాలు రాష్ట్రానికొక విధంగా ఉంటాయి. ఇక్కడి ధ్రువపత్రం అక్కడ చెల్లకపోవచ్చు. కన్నడం నేర్చిన పిల్లలకు ఆ చదువు వల్ల ఇక్కడ కలిగే మేలు అక్కడ కలగదు. భాష ఒక్కటే అయినంత మాత్రాన అన్నీ కలిసిరావు.

తాత అంతవరకు ఏమీ మాట్లాడలేదు. చివరకు అన్నాడు: "ముప్పై ఏండ్లు లోపల పని చేసినా. ఈ ఊళ్లో నాది అని చెప్పడానికి ఒక గోడ లేదు. అయినా నాకు ఈ ఊరే కావాలనిపిస్తుంది. నాతో పని చేసినోళ్లు సాయంత్రమైతే అరుగు మీదికి వస్తారు. కొత్త ఊళ్లో నాతో మాట్లాడేదెవరు?"

"నువ్వు రాకుంటే మేమెట్లా పోయేది నాయనా?" అన్నాడు తండ్రి.

"పోవద్దని చెప్పడం లేదురా. ఈ లైను ఇంట్లో మనం కంపెనీ ఒక్కదాన్నే నమ్ముకొని ఉంటిమి. పోయే చోట ఒక్కదాన్నే నమ్ముకోవద్దండి. అంతే నా మాట."

ఆ మాట అందరినీ ఆలోచింపజేసింది. ముళబాగిలు చిన్న ఊరే. కాని పెద్ద రహదారి మీద ఉంది. చుట్టూ పల్లెల్లో టమాట, పట్టుపురుగులు, పాడి ఉన్నాయి. టమాట ధర ఒక ఏడు ఆకాశానికి ఎక్కుతుంది, మరో ఏడు రైతు బుట్టలను రోడ్డు పక్కన పారబోస్తాడు. పట్టుగూళ్ల ధర కూడా అంతే. అయినా ఒకటి దెబ్బతిన్న ఏడు మరొకటి కొంత ఆదుకుంటుంది. తల్లి కుట్టుపని ఎక్కడైనా సాగుతుంది. అక్కడ సంపాదన తక్కువే. కాని ఆధారాలు ఒకటి కంటే ఎక్కువ.

తీసుకొన్న నిర్ణయం

ఆ ఇంటివారు ఒక్క రాత్రిలో తేల్చుకోలేదు. వారం రోజులు ఆలోచించి నాలుగు సంగతులు నిర్ణయించుకున్నారు.

మొదటిది, కూతురి పరీక్షలు పూర్తయ్యే వరకు ఇల్లు కదలదు. రెండవది, తండ్రి ముందుగా ఒక్కడే పోయి మార్చి నుంచి మే వరకు బావమరిది ఇంట్లో ఉండి పని చేస్తాడు. ఎండాకాలంలో నీటి సంగతి, పని ఎన్నాళ్లు దొరుకుతుందన్న సంగతి అప్పుడు తెలుస్తుంది. మూడవది, కొడుకు బడి, తాతకు ఆసుపత్రి తల్లే స్వయంగా పోయి చూసి వస్తుంది. నాలుగవది, అన్నీ కుదిరితే జూన్‌లో బడులు తెరిచే నాటికి మారాలి. కుదరకపోతే మారకూడదు. అంతవరకు లైను ఇల్లు వదలరాదు. కంపెనీ నుంచి రావలసిన పైకాన్ని ముట్టుకోరాదు.

తాత విషయంలో ఎవరూ బలవంతం చేయలేదు. మొదట పండుగకు వచ్చి పది రోజులు ఉంటానని, ఆ తరువాత చెబుతానని ఆయన అన్నాడు. అది అందరికీ కష్టంగానే ఉంది. ఊరు మారడంలో అందరికీ సమానంగా మేలు జరగదు. ఒకరికి కలిసివచ్చేది మరొకరికి నష్టం కావచ్చు. ఆ నష్టం ఎవరిదో ముందే తెలుసుకొని, వారి మాట కూడా వినడం కుటుంబం చేయవలసిన పని.

ఇటువంటి పరిస్థితిలో కొందరు బెంగుళూరుకు మారారు. కొందరు ఉన్నచోటనే ఉండి రైలును నమ్ముకున్నారు. ఎవరి కారణాలు వారివి. అందరికీ సరిపడే జవాబు ఒకటి ఉండదు. కాని అడగవలసిన ప్రశ్నలు మాత్రం అందరికీ ఒకటే. ఆ ఊరికి ఎన్ని ఆధారాలు ఉన్నాయి? ఎండాకాలంలో నీరు ఉంటుందా? పిల్లల చదువు ఏ భాషలో, ఎంతవరకు సాగుతుంది? జబ్బు చేస్తే ఎంత దూరం పోవాలి? కుదరకపోతే తిరిగి రావడానికి దారి ఉందా?

దూరపు కొండలు నునుపు అని సామెత. దగ్గరికి పోయి చూస్తే గాని వాటి రాళ్లు, ముళ్లు తెలియవు. పెద్ద ఊరు కదా అని మోజు పడకూడదు. చిన్న ఊరు కదా అని తేలికగా చూడకూడదు. ఊళ్లు కూడా కాలంతో మారుతాయి. 2018 నుంచి బెంగుళూరులో శుద్ధి చేసిన నీటిని కోలారు జిల్లా చెరువులకు పంపి, భూగర్భజలాన్ని పెంచే ప్రయత్నం మొదలైంది. ఒకనాడు నీరు లేదని వదిలిన ఊరికి మరొకనాడు మంచి రోజులు రావచ్చు. నేడు వెలిగే ఊరు రేపు మసకబారవచ్చు. కనుక ఊరి పేరును కాక, ఆ ఊరిని నిలిపే గుంజలు ఎన్ని ఉన్నాయో చూసి నిర్ణయం తీసుకోవడం వివేకం.

పదాలు – అర్థాలు

బతుకుతెరువు = జీవనోపాధి
రేణువు = చాలా చిన్న కణం
ఎల్ల = సరిహద్దు
తట్టీ = వెదురు బద్దలతో అల్లిన తడిక
మూల్యం = వెల
నిట్టాడు = ఇంటి కప్పును మోసే నడిమి గుంజ
గార = పళ్ల మీద పట్టే మరక
అల్పసంఖ్యాకులు = తక్కువ సంఖ్యలో ఉన్నవారు
పైకం = డబ్బు
మోజు = మితిమీరిన ఇష్టం

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. కోలారు బంగారు గనులను ఎప్పుడు మూసివేశారు?
2. శివనసముద్రం నుంచి గనులకు విద్యుత్తు ఏ సంవత్సరంలో వచ్చింది?
3. రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం ఏమి చెబుతుంది?

ఆ. కింది ప్రశ్నలకు ఐదారు వాక్యాలలో జవాబులు రాయండి.
1. గనుల పట్టణాన్ని ఒంటినిట్టాడు ఇంటితో ఎందుకు పోల్చారు?
2. ఊరిని ఎండాకాలంలో చూడాలని తల్లి ఎందుకు అన్నది?
3. తాత చెప్పిన మాట కుటుంబం నిర్ణయానికి ఎలా తోడ్పడింది?
4. ఈ కుటుంబం తీసుకొన్న నిర్ణయం సరైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

ఇ. భాషాభ్యాసం
రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం ఉన్న సమాసం ద్వంద్వ సమాసం. ఉదాహరణ: కష్టసుఖాలు = కష్టమూ, సుఖమూ. పాఠంలోని మరొక ద్వంద్వ సమాసాన్ని గుర్తించి రాయండి.

ఈ. చేసి చూడండి
మీ ఇంటి పెద్దలను అడిగి, మీ కుటుంబం ఏ ఊరి నుంచి, ఎందుకు వచ్చిందో తెలుసుకోండి. మీ ఊరికి ఉన్న ఆధారాలు ఏమిటో ఒక పట్టికగా రాసి తరగతిలో చదవండి.